రెండు రోజుల ట్రైబల్ బెల్లీ డ్యాన్స్ వర్క్‌షాపు: అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

గత నెల విజయనగరంలో జరిగిన రెండు రోజుల ట్రైబల్ బెల్లీ డ్యాన్స్ వర్క్‌షాపుకు వెళ్లాను. రుసుము 4,500 రూపాయలు. పావడా, వేలి తాళాలు తప్పకుండా తమ దగ్గరే కొనాలన్నారు, వాటికి మరో 5,200. మొత్తం 9,700 రూపాయలు కట్టి, ఆ నృత్యంలో ఒక్క అడుగు కూడా నేర్చుకోకుండా ఇంటికి వచ్చాను. ఇప్పుడు అదే బృందం శ్రీకాకుళంలో తరువాతి బ్యాచ్ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటన తిప్పుతోంది, సీటుకు 2,000 అడ్వాన్సు అడుగుతోంది. దయచేసి కట్టకండి. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల వాళ్ల పేరు రాయడం లేదు. పేరు మార్చుకుని వచ్చినా పోల్చుకోవడానికి కావలసినదంతా మాత్రం చెబుతాను.

నేను ఉద్యోగం చేసుకుంటూ ఇష్టం కొద్దీ నృత్యం నేర్చుకుంటున్న మనిషిని. మూడేళ్లుగా వారానికి ఒక గంట ఆన్‌లైన్‌లో పాఠం చెప్పించుకుంటున్నాను. ఎదురుగా నిలబడి నేర్పేవారు దొరకాలని, పక్కన మరో నలుగురితో కలిసి ఆడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ఈ నృత్యం ఒంటరిగా ఆడేది కాదు మరి. అందుకే మన ఊళ్లోనే వర్క్‌షాపు అనగానే రెండో ఆలోచన లేకుండా డబ్బు పంపాను. ఆమదాలవలస నుంచి రైల్లో వచ్చిన అమ్మాయి, బొబ్బిలి నుంచి పసిబిడ్డను అత్తగారికి అప్పగించి వచ్చిన ఒక అక్క, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, ఇలా మేము పద్నాలుగు మందిమి. అందరివీ జాగ్రత్తగా కూడబెట్టుకున్న డబ్బులే.

మోసం ఎక్కడ జరిగిందో తెలియాలంటే అసలు ఈ నృత్యం ఏమిటో కొంచెం చెప్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో జమీలా సలింపూర్ అనే నర్తకి 1960ల చివర్లో 'బాల్ అనత్' అనే బృందాన్ని నడిపారు. ఆమె శిష్యురాలు మాషా ఆర్చర్. మాషా దగ్గర నేర్చుకున్న కరొలీనా నెరిచియో 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఫ్యాట్‌చాన్స్ బెల్లీడ్యాన్స్' బృందాన్ని ప్రారంభించారు. మనం ట్రైబల్ బెల్లీ డ్యాన్స్ అంటున్నది ఇదే; అమెరికన్ ట్రైబల్ స్టైల్ అనే పద్ధతిగా అక్కడ రూపు దిద్దుకుంది. దాని ప్రాణమంతా సంజ్ఞలో ఉంది. ముందుగా కూర్చిపెట్టుకున్న వరస ఉండదు. ముందు ఎడమ మూలన నిలబడిన నాయకురాలు చెయ్యి ఎత్తే తీరులోనో, తల తిప్పే తీరులోనో రాబోయే కదలిక ఏమిటో చెబుతుంది. అందరూ కాస్త ఎడమకు ఒరిగి నిలబడతారు, ఆమె అందరికీ కనిపించాలని. ఆమె వెనక్కి తగ్గితే ఇంకొకరు నాయకత్వం అందుకుంటారు. ఎప్పుడూ కలవని ఇద్దరు కూడా ఈ సంజ్ఞలు తెలిస్తే అప్పటికప్పుడు కలిసి ఆడగలరు. నన్ను ఈ నృత్యానికి కట్టిపడేసింది అదే.

ఇక మాకు నేర్పినది చూడండి. ఉదయం పది గంటలకు పెద్ద స్పీకరులో ఒక సినిమా పాట పెట్టి, ఎనిమిది లెక్కలకు ఒక స్టెప్పు చొప్పున చూపించడం మొదలుపెట్టారు. నేర్పే మేడమ్ ముందు నిలబడి ఆడితే మేము వెనక వరసల్లో అనుకరించాలి. మధ్యాహ్నం వరకూ సంజ్ఞ అనే మాటే వినిపించలేదు. నాయకురాలు మారడం ఎప్పుడు నేర్పుతారని అడిగాను. "అవన్నీ రేపు అమ్మా" అన్నారు. మర్నాడు అడిగితే, అది పై స్థాయి (అడ్వాన్స్‌డ్) కోర్సులో ఉంటుందని, దానికి 12,000 అవుతుందని చెప్పారు. సంజ్ఞ అనేది ఈ నృత్యంలో మొదటి రోజు మొదటి గంట పాఠం. దాన్ని పై తరగతికి దాచడమంటే, అఆలు నేర్పకుండా పద్యం బట్టీ పట్టించి, అక్షరాలకు వేరే ఫీజు అడగడమే.

తాళాల సంగతి. జిల్స్ అంటారు వీటిని. చిన్న ఇత్తడి తాళాలు, ఒక్కో చేతికి ఒక జత, బొటనవేలికీ మధ్యవేలికీ ఎలాస్టిక్‌తో తొడుక్కోవాలి. వేగంగా ఆడే కదలికలకు నర్తకి తానే కుడి-ఎడమ-కుడి వరసలో లయ వాయించుకుంటుంది. మంచి జిల్‌కు ఎలాస్టిక్ దూర్చడానికి పక్కపక్కన రెండు సన్నని చీలికలు ఉంటాయి. అప్పుడే వేలి మీద తిరగకుండా కూర్చుంటుంది. మాకు అంటగట్టిన వాటికి నడిమధ్య ఒకే చిల్లు, దానిలో జాకెట్టుకు వేసే సన్నని ఎలాస్టిక్ ముడి. రెండు నిమిషాలకే వేలి మీద గిరగిరా తిరిగిపోయాయి. మా అమ్మమ్మగారి ఇల్లు సారవకోట దగ్గర. బుడితిలో పోతపోసిన కంచు గిన్నె, ఇత్తడి చెంబు వాడిన ఇంట్లో పెరిగాను. మంచి లోహాన్ని గోటితో మీటితే మోత ఎంతసేపు నిలుస్తుందో నా చెవికి తెలుసు. ఇవి మీటితే 'టక్' మని ఆగిపోయాయి, రేకు డబ్బా మూతలాగా. అంచులు కూడా నునుపు చేయలేదు. ఆమదాలవలస అమ్మాయికి బొటనవేలు తెగింది. ఆ నాలుగు రేకులకు 1,400 రూపాయలు తీసుకున్నారు.

పావడాకు 3,800. 'ఇరవై ఐదు గజాల పావడా' అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేశారు. ఈ నృత్యానికి ఆ పావడా నిజంగానే ప్రసిద్ధి: అంతస్తులు అంతస్తులుగా కుచ్చులు వేసి, కింది అంచు చుట్టుకొలత 25 గజాలు వచ్చేలా, అంటే దాదాపు 23 మీటర్లు వచ్చేలా కుడతారు. ఒక్కసారి తిరిగితే గొడుగులా విచ్చుకుంటుంది. మాకిచ్చినది విచ్చుకోలేదు, కాళ్లకు చుట్టుకుంది. ఆ రాత్రే ఇంటి వసారాలో పరిచి, కుట్టు టేపు పెట్టి కింది అంచు అంగుళం అంగుళం కొలిచాను. తొమ్మిది గజాలకు జానెడు తక్కువ వచ్చింది. తప్పు కొలిచానేమోనని మా అమ్మ రెండోసారి కొలిచింది. అంతే వచ్చింది. మర్నాడు గంటస్తంభం దగ్గర మాకు తెలిసిన దర్జీ బాబాయికి చూపిస్తే, బట్ట, కూలి కలిపి 900 దాటదని చెప్పాడు. 'అంతే ఉంటుందమ్మా, కుచ్చులు పోగా లెక్క' అని నిర్వాహకులు సర్దిచెప్పబోయారు. కుచ్చులు వేశాక మిగిలే అంచునే 25 గజాలంటారు. ఆ మాట నమ్మకండి.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. 'ట్రైబల్ అంటే మన అరకు గిరిజనుల నృత్యమే, విదేశాలకు వెళ్లి ఇలా అయింది' అని మేడమ్ మైకులో చెప్పారు. ఆ తరువాత ప్లాస్టిక్ ఈకల కిరీటాలు, పూసల దండలు పంచి, ముఖాలకు తెల్ల చుక్కలు పెట్టి ఫోటోలకు నిలబెట్టారు. ఇది పచ్చి అబద్ధం. ఈ నృత్యానికీ మన కొండల్లోని ఏ తెగకూ సంబంధం లేదు. అది అమెరికా నగరంలో పుట్టింది. దాని అలంకారంలో అఫ్గానిస్తాన్ కూచీ సంచార జాతివాళ్ల నగలు, మన దేశపు చోళీ వంటివి కలిశాయి, అంతవరకే. ఆ 'ట్రైబల్' అనే మాట సరైనది కాదన్న ఆలోచనతో 2020లో కరొలీనా సంస్థే దాన్ని వదిలేసి, ఫ్యాట్‌చాన్స్ బెల్లీడ్యాన్స్ పొడి అక్షరాలతో ఎఫ్‌సీబీడీ స్టైల్ అని పేరు మార్చుకుంది. పుట్టించినవాళ్లే వదులుకున్న మాటను పట్టుకుని, ఇక్కడ గిరిజనుల పేరు అమ్ముకుంటున్నారు.

అరకు గిరిజనుల థింసా నృత్యం చూసినవాళ్లెవరైనా ఆ మాట విని ఊరుకోగలరా? ఆడవాళ్లు వరసగా నిలబడి ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుము, మోరి వాద్యాల మోతకు ఒకే మనిషిలా అడుగు కలుపుతారు. సీతంపేట వైపు సవర గిరిజనుల ఆటపాటలు వేరు, వాటి సందర్భాలు వేరు. మాలో ఒకామె సీతంపేట దగ్గరి సవర అమ్మాయి. కిరీటం ఆమె చేతికి వచ్చినప్పుడు పెట్టుకోలేదు, కింద పెట్టేసి పక్కకు వెళ్లి కూర్చుంది. "ఏమైంది చెల్లీ?" అని అడిగితే, "మా ఊళ్లో ఇలాంటిది ఎవరూ పెట్టుకోరక్కా" అంది. అప్పుడు నేను లేచి గట్టిగా మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో కలుక్కుమంటోంది.

ఒంటి భద్రత మాటకు వస్తే, హాలు నేల పాలిష్ చేసిన గ్రానైటు. ఒళ్లు వేడెక్కించే కసరత్తు ఒక్క నిమిషం కూడా లేదు. మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము కింది భాగం తిన్నగా ఉంచి, ఛాతీ ఎత్తి నిలబడటం ఈ నృత్యానికి పునాది. అది చెప్పకుండానే నేరుగా వెనక్కి వంగమన్నారు. బొబ్బిలి అక్క జారి మడమ మెలిపడి కూలబడింది. ప్రథమ చికిత్స పెట్టె లేదు, ఐసు కోసం ఎదురుగా ఉన్న కూల్‌డ్రింకుల కొట్టుకు నేనే పరిగెత్తాను. డాక్టరు మూడు వారాలు విశ్రాంతి అన్నారు.

వీడియోల గురించి ముఖ్యంగా డిగ్రీ చదివే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు చదవాలి. రెండు రోజులూ ఒక కుర్రాడు ఫోనుతో తీస్తూనే ఉన్నాడు. గ్రూపు జ్ఞాపకం కోసమే అన్నారు. నాలుగో రోజుకు ఆ వీడియోలు శ్రీకాకుళం బ్యాచ్ ప్రకటనగా బయటికి వచ్చాయి, మా ముఖాలతో సహా. ఎవరి అనుమతీ అడగలేదు. ఒక అమ్మాయి ఇంట్లో పెద్ద గొడవ జరిగింది, ఆమె నృత్యం మానేసింది. ఏడుగురం కలిసి రాతపూర్వకంగా అడిగి, ఆ వీడియోలపై రిపోర్టు పెట్టాకే తొలగించారు.

చివర్లో 'అంతర్జాతీయ ధ్రువపత్రం' ఇచ్చారు. కరొలీనా సంస్థ పద్ధతిలో జనరల్ స్కిల్స్ అనే శిక్షణ ఒకటి, దాని పైన టీచర్ ట్రైనింగ్ ఒకటి ఉన్నాయి. అవి చేసినవారు ఎవరి దగ్గర, ఏ ఏడాది చేశారో తడుముకోకుండా చెబుతారు. మేడమ్‌ను అడిగితే 'ముంబైలో' అన్నారు. ముంబైలో ఎవరి దగ్గర అంటే ఫోను వచ్చిందంటూ బయటికి వెళ్లిపోయారు. మా ధ్రువపత్రం మీద ఏ సంస్థ పేరూ లేదు, బంగారు రంగు బొమ్మ మాత్రం ఉంది.

కాబట్టి ఎవరు పిలిచినా డబ్బు పంపే ముందు ఫోనులో ఒక్క ప్రశ్న అడగండి: "కూర్చిన డ్యాన్సు నేర్పుతారా, సంజ్ఞలతో అప్పటికప్పుడు ఆడటం నేర్పుతారా?" ఈ పద్ధతి తెలిసినవారు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు, పది నిమిషాలు చెబుతూనే ఉంటారు. తెలియనివారు విసుక్కుంటారు. దుస్తులు వాళ్ల దగ్గరే కొనాలని పట్టుబడితే అక్కడితో ఆపేయండి. మొదటి తరగతికి మామూలు పొడవు పావడా, బిగుతైన జాకెట్టు చాలు. రశీదు ఇస్తారా, మనం వెళ్లలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. మాకు నోటిమాటే మిగిలింది, అందుకే ఇంత కష్టం.

మోసపోయినవారికి ఒక మాట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తరువాతే మాలో ఆరుగురికి పావడా డబ్బు వెనక్కి వచ్చింది. రుసుము ఇంకా రాలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వాళ్లు ఏ ఊరివాళ్లయినా సరే, మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు రుసుము లేదు. సంగతి జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. యూపీఐ చెల్లింపు వివరం, ప్రకటన స్క్రీన్‌షాట్, కొన్న వస్తువు ఫోటో చాలా పనికి వచ్చాయి. నా పావడా పక్కన కుట్టు టేపు పెట్టి తీసిన ఫోటోకు వాళ్ల దగ్గర జవాబు లేకపోయింది.

1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారి చేతిలో పెట్టిన ఊరు మాది. విద్య నేర్పేవారిని నెత్తిన పెట్టుకునే ఊరికి వచ్చి ఇలా చేశారన్నదే నా కోపం.

బొబ్బిలి అక్క మడమ నయమైంది. ఆమె, ఆమదాలవలస అమ్మాయి, సీతంపేట చెల్లి, నేను ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద కలుస్తున్నాము. నాకు తెలిసిన ఐదారు సంజ్ఞలు వాళ్లకు చూపిస్తున్నాను, దీనికి డబ్బు లేదు. శ్రీకాకుళం బ్యాచ్‌కు ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు ఉంటే, తరగతి మొదలు కాకముందే రద్దు చేయమని ఈ రోజే సందేశం పంపి, దాని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వాళ్లు మీ సందేశాన్ని చూసినట్లు నీలి గీతలు పడేవరకూ ఆగి తీయండి.