గండుచీమలకు ఏ ఇల్లు మేలు: టెస్ట్‌ట్యూబా, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) గూడా, మట్టి పోసిన గాజు సీసానా?

పెంచుకుందామని వేపచెట్టు మొదట్లో తవ్వి చీమల్ని డబ్బాలో వేసుకొచ్చినవాళ్లు ముందు అడిగేది గూడు గురించే. అంతకంటే ముందు చూడాల్సింది చీమ నడుము.

బెజవాడ వీధుల్లో కనిపించే పెద్ద నల్లచీమ చాలావరకు గండుచీమే, శాస్త్రీయనామం కాంపోనోటస్ కంప్రెసస్. భూతద్దంలో చూస్తే ఛాతీకీ పొట్టకీ మధ్య ఒకే బొడిపె ఉంటుంది. చిన్న తలవీ పెద్ద తలవీ ఒకే గూట్లో కలిసి తిరుగుతాయి. కొరికి యాసిడ్ చిమ్ముతుంది కానీ కుట్టదు. బొడిపెలు రెండుండి, కుట్టిన చోట భగ్గుమంటే ఆ జాతి జోలికి పోకండి. మామిడాకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలూ వద్దు. వాటి గూళ్లు చెట్టంతా ఉంటాయి, రాణి మాత్రం ఎక్కడో ఒక్కదాంట్లోనే.

గండుచీమల్లోనూ తవ్వితే రాణి దొరకడం అరుదు. రాణి లేని గుంపు కొన్ని నెలల్లో ఒక్కొక్కటిగా తగ్గిపోతుంది, ఇక ఏ గూడు కట్టినా దండగే. అందుకే నా ఓటు వానల తర్వాత వీధిలైటు కింద దొరికే రాణికి. ఉసిళ్లతో పొరపడొద్దు: ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నగా ఉండదు. రెక్కలు రాల్చుకుని నేల మీద పరిగెత్తే రాణి అయితే జతకట్టి ఉండే అవకాశం ఎక్కువ. మొదటి పిల్లలు వచ్చేదాకా అది తిండి అడగదు, రెక్కల కండరాలనే కరిగించుకుని పెంచుతుంది.

ఆ రాణికి టెస్ట్‌ట్యూబును మించింది లేదు. మూడోవంతు నీళ్లు, దూది బిగించి, పొడివైపు రాణి, మూతికి మరో దూది, పైన నల్లకాగితం. ఖర్చు టీ డబ్బులంత. చిక్కంతా మన ఎండతోనే. రోహిణి కార్తెలో నీళ్ల వెనక చిక్కుకున్న గాలిబుడగ వేడికి ఉబ్బి, నీటిని దూదిలోంచి ఇవతలికి తోస్తుంది, గుడ్లు తడిసిపోతాయి. బుడగ లేకుండా నింపి, ఎండ తగలని గదిలో నేల మీద పడుకోబెట్టండి.

తవ్వకంలో అదృష్టం కొద్దీ రాణి కూడా వచ్చిందా? మట్టితో సహా ప్లాస్టిక్ టబ్బులో పోసి, పక్కనే నీళ్లూ దూదీ పెట్టిన నాలుగైదు ట్యూబులు మూతి తెరిచి పడుకోబెట్టి, వాటి మీద నల్లగుడ్డ కప్పండి. మట్టి ఆరేకొద్దీ చీమలే గుడ్లు మోసుకుని ట్యూబుల్లోకి చేరతాయి.

పనిచీమలు పాతిక ముప్పై దాటాక పీఓపీ గూడు బాగానే ఉంటుంది. కాకపోతే వేసవిలో గంటల్లో ఆరిపోతుంది, వానాకాలంలో బూజు. నన్నడిగితే కొత్త ఇళ్ల దగ్గర మిగిలే ఏఏసీ బ్లాకు (గోడలకు వాడే తేలికపాటి సిమెంటు ఇటుక) ముక్క నయం. స్క్రూడ్రైవర్‌తో గదులు చెక్కి, పైన అద్దం బిగించి, ఒక చివరే తడపాలి. పిల్లలకు ఎక్కడ చెమ్మ సరిపోతుందో చీమలే చూసుకుంటాయి.

రెండద్దాల మధ్య మట్టి పోసిన సీసా? చూడ్డానికి అందం, అంతే. రాణి కనపడదు, శుభ్రం చేయడం కుదరదు.

దేనికైనా టబ్బు అంచు లోపల టాల్కమ్ పౌడర్ స్పిరిట్‌లో కలిపి పూయండి, ఎక్కబోతే జారతాయి. గాలిలో తేమ పెరిగితే పట్టు వదిలేస్తుంది కాబట్టి వానల్లో మళ్లీ మళ్లీ పూయాలి. అన్నట్టు, వంటింట్లో చీమలమందు సుద్దతో గీతలు గీసే అలవాటుంటే టబ్బు వేరే గదిలో పెట్టండి, ఆ చేత్తోనే తిండి వేయకండి.