గండికోట లోయ పక్కన రిసార్టు: ఆరేళ్ళలో ఐదుసార్లు దిగాక

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ రిసార్టులో ఒంటె ఉండేది. 2018 డిసెంబరు సంగతి. గేటు దాటగానే రెండు ట్రాక్టర్ల ఇసుక పోసి, దాని మీద ఒంటెను కట్టేసి, పక్కన 'డెజర్ట్ క్యాంప్' అని బోర్డు పెట్టారు. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగారు. రెండోసారి వెళ్ళేసరికి ఒంటె లేదు. ఇసుక సగం గాలికి పోయింది, మిగతా సగం కుక్కలు పడుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు బోర్డు కూడా తీసేశారు. ఆరేళ్ళలో వాళ్ళు చేసిన మంచి మార్పుల్లో అదొకటి.

మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. జమ్మలమడుగు మీదుగా గండికోట మాకు నలభై కిలోమీటర్లు. ఇంత దగ్గరవాళ్ళం అక్కడ రాత్రి ఉండం. పొద్దున సద్ది కట్టుకుని పోయి, చీకటి పడేలోపు ఇంటికొచ్చేస్తాం. నేనూ అంతే. హైదరాబాదు నుంచి మా బామ్మర్ది కుటుంబం వచ్చి 'లోయ పక్కన ఒక రాత్రి పడుకోవాల్సిందే' అని పట్టుబట్టడంతో మొదలైంది. ఆ తర్వాత 2019 మే, 2021 డిసెంబరు, 2023 మే, 2024 డిసెంబరు. టెంటులో ఒకసారి, రేకుల కాటేజీలో రెండుసార్లు, మిద్దె గదిలో రెండుసార్లు. రిసార్టు పేరు రాయను. అక్కడి మేనేజరు ఈపాటికి తెలిసినవాడైపోయాడు, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఫోటోల్లో ఎవరూ చూపించనిది మధ్యాహ్నం. పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ గదిలో మనిషి ఎలా ఉంటాడన్నదే నా లెక్కలో అసలు పరీక్ష. పొద్దున, సాయంత్రం లోయ దగ్గర ఎలాగూ బాగుంటుంది, దానికి రిసార్టు వాళ్ళ గొప్పేమీ లేదు. మనం డబ్బు కట్టేది ఆ నాలుగు గంటల నీడకీ, రాత్రి నిద్రకీ.

2019 మేలో ఈ రెండూ దక్కలేదు. ఆసారి కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావని తీసుకెళ్ళాను. మా జిల్లాలో కువైట్‌లో ఎవరో ఒకరు లేని ఊరు అరుదు. మా బావ పదమూడేళ్ళుగా అక్కడే డ్రైవరు. ఎండ గురించి ఆయనకు నేను చెప్పేదేముంది అనుకున్నా. చెక్-ఇన్ ఒంటిగంటకు. అంటే సరిగ్గా నెత్తి మాడే వేళకు మనల్ని రమ్మంటారు. కాటేజీ చూడ్డానికి ముచ్చటగా ఉంది: పైన బోదగడ్డి కప్పు, ముందు చిన్న వసారా. లోపలికెళ్ళి తలెత్తితే బోద కింద రేకులు. ఏసీ ఉంది, కానీ మధ్యాహ్నం వోల్టేజీ పడిపోతే అది మూలుగుతుందే తప్ప చల్లబరచదు. స్నానం చేద్దామని కుళాయి తిప్పితే మిద్దె మీది నల్ల ట్యాంకులోంచి టీ పెట్టుకునేంత వేడి నీళ్ళు. రాత్రి పదకొండుకి గానీ ఒంటి మీద పోసుకోలేకపోయాం.

రాత్రయినా చల్లబడలేదు. వసారాలో మంచం వేసుకుని కూర్చున్నాం. మా బావ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఏంది బామ్మర్దీ, దీన్ని ఎడారి అని రాసుకున్నారు? మా ఎడారిలో పొద్దు గూకితే ఇసుక తొందరగా చల్లబడుతుంది. ఇది రాయి. పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతా ఉంది." నేల మీద అరచెయ్యి పెట్టి చూశాను. తొమ్మిదిన్నరకు కూడా పెనం దించిన పొయ్యిలా ఉంది.

ఆయన అన్నది నిజం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయి చేసిన గండి ఇది, కోటకు ఆ పేరొచ్చిందే దాన్నుంచి. ఇక్కడి గట్టి రాయికి భూగర్భశాస్త్రంలో పేరే 'గండికోట క్వార్ట్‌జైట్'. ఇసుక పైపైనే కాలుతుంది. గట్టి బండ వేడిని లోపలికి లాగి దాచుకుని నిదానంగా వదులుతుంది. చుట్టూ బండ, కింద బండ, పైన రేకు. అలాంటి చోట బోద కప్పు ఫోటోకి తప్ప దేనికీ పనికిరాదు.

మరి మా పెద్దలు ఈ ఎండలో ఎలా బతికారు? మట్టి మిద్దెలో. దూలాలు, వాటి మీద దంతెలనే సన్న దూలాలు, పైన బండలో కట్టెలో పరిచి, ఆ పైన మందంగా చౌడు మట్టి తొక్కించేవాళ్ళు. గోడలు చెయ్యి పొడవంత మందం. కిటికీలు చిన్నవి. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఏప్రిల్లో కూడా మధ్యాహ్నం దుప్పటి లేకుండా పడుకుంటే ఒళ్ళు జిల్లుమనేది. కాస్త ఎక్కువ చెప్పానేమో గానీ చల్లగా ఉండేదన్నది నిజం. 2019లో బిల్లు కట్టేటప్పుడు మేనేజరుతో ఇదే అన్నాను. "ఓనరుకి చెప్తా సార్" అన్నాడు. అందరితోనూ అదే అంటాడనుకుని వదిలేశాను.

2021 డిసెంబరుది తొందరగా చెప్పేస్తాను. నవంబరులో మా జిల్లాను వానలు ముంచేసిన సంవత్సరం అది. పెన్న నిండుగా ఉంది. మామూలు రోజుల్లో లోయ అడుగున పచ్చటి చారలా కనిపించే నీళ్ళు ఆసారి గోడ నుంచి గోడ దాకా ఉన్నాయి. చలికాలం కాబట్టి అదే రేకుల కాటేజీలో హాయిగా నిద్రపట్టింది. గీజరు మాత్రం పని చెయ్యలేదు. మేలో వద్దన్నా వేడి నీళ్ళిచ్చిన ట్యాంకు డిసెంబరులో చేతులు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళిచ్చింది. పొద్దున ఆరింటికి ఒక కుర్రాడు పొయ్యి మీద కాచి బకెట్టు తెచ్చిచ్చాడు.

2023 మేలో వెళ్ళడానికి కారణం ఆ మేనేజరు ఫోను. "సార్, మీరు చెప్పినట్టు మిద్దె గదులు కట్టినాం, వచ్చి చూడండి." నేను చెప్పినందుకే కట్టారని అనుకోను, కానీ ఆ మాటకి పొంగిపోయి వెళ్ళానని ఒప్పుకుంటాను. వెనకవైపు నాలుగు గదులు. రాతి గోడలు, పైన బండల మిద్దె, దాని మీద మట్టి. నిజం మట్టి మిద్దె అనలేం, మధ్యలో ఎక్కడో సిమెంటు ఉంది. అయినా తేడా తెలిసింది. రెండింటప్పుడు రేకుల కాటేజీలో నిలబడి వచ్చి ఈ గదిలో అడుగు పెడితే చెట్టు కిందికి వచ్చినట్టుంది. ఫ్యానుతోనే మధ్యాహ్నం నిద్రపోయాను. ఏసీ రాత్రి ఒక గంట వేశాం. ట్యాంకు మీద కూడా చిన్న పందిరి వేశారు. ఇంత చిన్న పనికి నాలుగేళ్ళు పట్టింది!

లోపాలు లేకపోలేదు. కిటికీలకు దోమతెర లేదు. తలుపు కింద వేలెడు సందు. ఇది రాళ్ళ నేల, తేళ్ళు ఉంటాయి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు, కానీ బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకి ఎవరూ చెప్పరు. గదిలో ఒక కాగితం మీద రాసి అంటిస్తే ఏం పోతుంది? వైఫై పాస్‌వర్డు మాత్రం గోడకి అంటించారు. వైఫై రాదు.

టెంట్ల గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే టెంటు మంచి అనుభవమే. అమావాస్య దగ్గర్లో వెళ్ళండి, చుక్కలు చూస్తూ మెడ నొప్పి పుడుతుంది. కానీ గాలి వీస్తే గుడ్డ రాత్రంతా టపటప కొట్టుకుంటుంది. బాత్రూములు ఉమ్మడివి, నడిచి వెళ్ళాలి, వయసైనవాళ్ళని తీసుకెళ్ళకండి. శనివారం అసలు వద్దు. శనివారం రాత్రి ఎవరో ఒకరు పెద్ద స్పీకరు తెచ్చుకుంటారు, పన్నెండు దాటినా ఆపరు. లోయలోంచి అదే పాట మళ్ళీ తిరిగొస్తుంది. అంటే ప్రతి పాటా రెండుసార్లు వినాలి. ఈ విషయంలో మేనేజరు చేసేదేమీ లేదు, ఆరేళ్ళలో ఏమీ చెయ్యలేదు.

తిండి దగ్గర నాకు మొదట్లో గట్టి కోపం ఉండేది. రాయలసీమ నడిబొడ్డున కూర్చుని పనీర్ బటర్ మసాలా, నూడుల్స్. 2018లో "సంగటి లేదా?" అంటే "అదెవరు తింటారు సార్" అన్నాడు సర్వరు. వంటగదిలో గిన్నెలు తోమే పెద్దామె విని, పనివాళ్ళ కోసం చేసిన సంగటి రెండు ముద్దలు, చెనిక్కాయల పచ్చడి ఊరుబిండి తెచ్చి పెట్టింది. "మా ఇంట్లో తిన్నట్టు తినండి నాయనా, బిల్లు వెయ్యరులే" అంది. మా బామ్మర్ది పిల్లలు నూడుల్స్ పక్కన పెట్టి దాని మీద పడ్డారు.

2023కి ఆమె గిన్నెల దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు పొద్దున చెప్తే రాత్రికి రాగి సంగటి, నాటుకోడి పులుసు చేస్తారు. జొన్న రొట్టె కూడా అడిగితే దొరుకుతుంది. పొద్దున టిఫిను ఉగ్గాని, మిరపకాయ బజ్జి. ఎర్రకారం దోశ ఉంది గానీ కారం భయపడుతూ పూస్తారు, మా ఊరి బండి దగ్గర తినేదానికి సాటి రాదు. నాటుకోడి రేటు మాత్రం ఎక్కువ. అడిగితే "కోడి కూడా జమ్మలమడుగు నుంచి రావాలి కదా సార్" అంటారు. గండికోట ఊళ్ళో కోళ్ళే లేనట్టు!

లోయ దగ్గరికి రిసార్టు నుంచి నడక పావుగంట పైన పడుతుంది. 'లోయ వ్యూ' అని రాసుకున్నారు కానీ ఏ గదిలోంచీ లోయ కనబడదు. ఇది ముందే తెలుసుకుని వెళ్ళండి. నిజానికి కనబడకపోవడమే నయం, అంచున కట్టలేదు కాబట్టి. తెల్లవారి ఐదుంబావుకి లేచి టార్చి పట్టుకుని కోటలోంచి నడవాలి. జామియా మసీదు మినార్లు, ధాన్యాగారం చీకట్లో నల్లగా కనిపిస్తాయి. కొంచెం పక్కగా మాధవరాయస్వామి గుడి గోపురం. లోయ అంచుకి చేరాక రాళ్ళ మీద కూర్చోవడమే. సూర్యుడు రాకముందు పది నిమిషాల్లో బండలు ఊదా రంగు నుంచి ఎరుపులోకి తిరుగుతాయి. మా చిన్నమ్మాయి ఐదుసార్లూ అక్కడే నిద్రపోయింది, అది వేరే సంగతి. రెయిలింగు లేదు. ఫోటోల కోసం వెనక్కి అడుగులేసేవాళ్ళని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. కోతులకి కనబడేట్టు అరటిపళ్ళు పట్టుకెళ్ళొద్దు.

ఏ నెలలో వెళ్ళాలని అడిగితే ఒక పాత అతిథి గురించి చెప్తుంటాను. 1652లో ఫ్రాన్సు నుంచి టావెర్నియే అనే నగల వ్యాపారి ఈ కోటకి వచ్చి, అప్పటికి కొద్దికాలం ముందే కోటను పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడు. ఆయన వచ్చింది సెప్టెంబరులో. మా ఊళ్ళో బంగారం అంగళ్ళవాళ్ళని చూసినవాణ్ణి, వ్యాపారస్తుడు ఊరికే నెల ఎంచుకోడని నాకు నమ్మకం. సెప్టెంబరు, అక్టోబరులో కొండలు పచ్చగా ఉంటాయి, చినుకులు పడతాయి. ఎండ వద్దనుకుంటే డిసెంబరు, జనవరి. మార్చి నుంచి మే దాకా మిద్దె గది దొరక్కపోతే ఇంట్లో ఉండండి.

డబ్బు లెక్క: 2018లో టెంటుకి 1,200 ఇచ్చాను, 2024 డిసెంబరులో మిద్దె గదికి 3,800, టిఫినుతో కలిపి. వారం మధ్యలో అయితే బేరం కుదురుతుంది. నగదు, పెట్రోలు, మందులు జమ్మలమడుగులోనే చూసుకోండి. చెక్-ఇన్ ఒంటిగంట అన్నా మీరు మూడున్నరకి వెళ్ళండి. మధ్యాహ్నం భోజనం జమ్మలమడుగులో చేసి, నీడ పట్టున కాసేపు ఆగి బయల్దేరితే సరిపోతుంది. బెలుం గుహలు కూడా చూడాలనుకునేవాళ్ళు ఒక మాట గుర్తుంచుకోండి. గుహ కదా చల్లగా ఉంటుందని మధ్యాహ్నానికి పెట్టుకుంటారు, లోపల ఉక్క. చెమటకి చొక్కా పిండుకోవాలి. దాన్ని పొద్దుటి పూటకి మార్చుకోండి.

2024 డిసెంబరులో మా బావ కూడా వచ్చాడు, కువైట్ వదిలేసి. మిద్దె గదిలో మధ్యాహ్నం భోంచేసి పడుకుని సాయంత్రం ఐదింటికి లేచాడు. "రేటు ఎంత?" అని అడిగి, చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బయటికెళ్ళి నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. "మేలో ఇంకోసారి తీసుకరా, అప్పుడు చెప్తా" అన్నాడు.

వచ్చే మేకి రెండో నంబరు గది అడ్వాన్సు కట్టేశాను. దోమతెర వేయిస్తామన్నాడు మేనేజరు. తలుపు సందుకి మాత్రం నేనే ఒక గోనెపట్టా తీసుకెళ్తున్నాను.