డోమ్ ఫాల్స్ బాటమ్ రివ్యూ: జల్లెడ మంచిదే, మరి వోర్ట్ ఎందుకు దిగదు?

గింజ నుంచి మొదలుపెట్టి ఇంట్లోనే బీరు కాచేవాళ్లను ఇంతగా విసిగించేది మరొకటి ఉండదు. కొళాయి తిప్పగానే ధారగా వచ్చిన వోర్ట్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ, వేడినీళ్లలో నానితే వచ్చే తీపి ద్రవం) కాసేపటికి సన్నబడి, చివరికి చుక్కల్లోకి దిగుతుంది. దీనికి విరుగుడని చాలామంది కొనేది స్టీలు డోమ్ ఫాల్స్ బాటమ్. మ్యాష్‌ను, అంటే వేడినీళ్లు కలిపిన మాల్ట్‌ను, ఉంచే కూలర్ (వేడి నిలిపే డబ్బా) అడుగున బోర్లించిన పళ్లెంలా కూర్చుంటుంది. ఒంటినిండా రెండు, రెండున్నర మిల్లీమీటర్ల చిల్లులు. నడిమధ్య నుంచి ఒక గొట్టం కొళాయికి కలుస్తుంది.

ఫ్లై స్పార్జ్ చేసేవాళ్లకు, అంటే వోర్ట్ దిగుతుండగానే పైనుంచి వేడినీళ్లు పోస్తూ గింజను కడిగేవాళ్లకు, ఇది కొనదగ్గ వస్తువే. దీనికి బదులు కొందరు వాడే అల్లిక జాలీ గొట్టం వోర్ట్‌ను ఒక గీత వెంటే లాగుతుంది. పైన పోసిన నీళ్లు ఆ దారినే దిగిపోతే పక్కలనున్న గింజల్లోని తీపి అక్కడే మిగిలిపోతుంది. డోమ్ అడుగంతా ఒకే తీరున లాగుతుంది. బ్యాచ్ స్పార్జ్‌లో (నీళ్లు విడతలుగా పోసి దింపే పద్ధతిలో) నీళ్లు పోసిన ప్రతిసారీ మొత్తం కలిపేస్తారు కాబట్టి ఈ తేడా అంతగా తెలియదు. అలాంటివాళ్లకు జాలీ గొట్టమే చాలు, బరువుకు అణగకుండా లోపల స్టీలు తీగ చుట్ట దూర్చుకుంటే సరి.

డోమ్‌కున్న అసలు లోపం అంచు దగ్గర. పలక తేలిక, మ్యాష్ కలిపేటప్పుడు గరిటె తగిలితే ఒక పక్క లేస్తుంది. ఆ సందులోంచి గింజలు కిందికి జారి గొట్టం మూతికి అడ్డుపడతాయి. నాలుగైదు లీటర్లు పట్టి తిరిగి పైన పోసినా వోర్ట్‌లో గింజముక్కలు ఆగకపోతే అంచు లేచిందనే అనుమానించాలి. ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గొట్టాన్ని పొడవునా ఒక పక్క చీల్చి అంచు చుట్టూ తొడిగితే ఆ సందు మూసుకుంటుంది. లోపలి గొట్టాన్ని కూడా చూసుకోవాలి. పలుచటి వినైల్ గొట్టం మ్యాష్ వేడికి మెత్తబడి మడత పడుతుంది. మందపాటి సిలికాన్ గొట్టం వేసి, రెండు కొసలా క్లిప్పులు బిగించాలి. క్లిప్పు వదులైతే మట్టం తగ్గాక గాలి లాగేసి, పలక కింద వోర్ట్ అలాగే ఉండిపోతుంది.

ఇవన్నీ సరిచేసినా దిగడం లేదంటే తప్పు జల్లెడది కాదు, చాలాసార్లు మాల్ట్ ఆడించే మిల్లుది. నిజానికి వోర్ట్‌ను వడకట్టేది మాల్ట్ పొట్టు. పలక పని ఆ పొట్టును పట్టి ఉంచడం వరకే. ఆడించిన మాల్ట్‌ను గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడండి. పొట్టు చీలినా రేకులుగా నిలవాలి, లోపలి గింజ రవ్వగా విరగాలి. చేతికి పిండి అంటుకుని, పొట్టు నుసిగా కనిపిస్తే రోలర్ల సందు బాగా తగ్గినట్టే. 1 మిల్లీమీటరుతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా మార్చాలి. ఆడించే ముందు కిలో మాల్ట్‌కు 20 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి, బాగా కలిపి, పది నిమిషాలు ఉంచితే పొట్టు తోలులా సాగి నలగకుండా ఉంటుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే పని ఇంకోటి లేదు.

గోధుమ మాల్ట్‌కు పొట్టే ఉండదు. రై ధాన్యం, ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురుంటుంది. ఇవి ఎక్కువ పడే మ్యాష్‌కు ఏ ఫాల్స్ బాటమూ ఒంటరిగా చాలదు. మొత్తం గింజ బరువులో 5 నుంచి 10 శాతం వరి ఊకను కడిగి, తడిపి కలపాలి. పొడి ఊక వేస్తే వోర్ట్‌నే పీల్చుకుంటుంది. చివర్లో మ్యాష్‌ను 76 డిగ్రీల సెల్సియస్‌కు తెస్తే వోర్ట్ పలచబడి తేలిగ్గా జారుతుంది.

మధ్యలో ఆగిపోతే కొళాయిని ఇంకాస్త ఎక్కువ తెరవకండి. లాగుడు పెరిగేకొద్దీ గింజ మరింత బిగుసుకుంటుంది. కొళాయి కట్టి, బయటి గొట్టానికి 75 డిగ్రీల నీళ్లు పట్టి, మళ్లీ కొళాయి తెరిచి లీటరు వరకూ వెనక్కి ఎక్కించండి. నీళ్లు అసలు ఎక్కకపోతే గొట్టం మడత పడిందో, మూతికి అడ్డం పడిందో. సులువుగా ఎక్కి, ధార మొదట బాగా వచ్చి మళ్లీ సన్నబడితే బిగుసుకున్నది గింజే. అప్పుడు మ్యాష్ అంతా కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచి, కొళాయి పావు వంతే తెరిచి, తేట వచ్చేదాకా తిరిగి పోస్తూ ఉండండి. ఫ్లై స్పార్జ్‌లో నిమిషానికి లీటరు దాటనివ్వకండి.

కొనేముందు కూలర్ వ్యాసాన్ని అడుగునే కొలవండి. చాలా కూలర్లు పైన వెడల్పు, కింద ఇరుకు. వాడాక పలకను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పూడిన చిల్లులు నల్లగా కనిపిస్తాయి. వాటిని ఎండకముందే, పలక తిరగేసి నైలాన్ బ్రష్‌తో తోమాలి.