ఫ్రీ ఫ్లో ఉప్పు: వానాకాలంలో భేష్, ఉసిరికాయలకి వద్దు

మాది కాకినాడ, సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. జూలై వచ్చిందంటే ఉప్పు సీసా లోపల చెమటే. స్పూన్‌తో పొడిస్తే స్పూనే వంగేది. బియ్యపు గింజలు వేసినా నాలుగు రోజుల ముచ్చటే. అందుకని మొన్న వానాకాలం నుంచి మా వీధి కొట్లో ఫ్రీ ఫ్లో ప్యాకెట్ తెస్తున్నాను. రాలడంలో వంక పెట్టడానికి లేదు. ఒక రాత్రి మూత పెట్టడం మర్చిపోయాను, అయినా పొద్దున్న పెరుగన్నంలోకి జలజలా రాలింది.

చిక్కు కార్తీకంలో వచ్చింది. ఉసిరికాయలు ఉప్పునీళ్ళలో ఊరేశాను. మర్నాడు అత్తయ్య జాడీ తీసి, "ఏంటమ్మా, నీళ్ళు ఇలా తెల్లగా తిరిగాయి? కాయలు పాడయ్యాయా?" అన్నారు. నాకు ఒకటే టెన్షన్.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఈ ఉప్పు, ఇంకోదాంట్లో ఆవిడ రాళ్ళుప్పు కలిపాను. రాళ్ళుప్పు గ్లాసు అడుగున రెండు మూడు ఇసుక రేణువులు, పైన తేట నీళ్ళు. నా గ్లాసు బియ్యం కడుగులా ఉంది. గంట ఆగితే అడుగున సన్నటి తెల్లపొడి పేరింది.

ప్యాకెట్ అతుకు విప్పదీస్తే చీమ తలకాయంత అక్షరాల్లో యాంటీకేకింగ్ ఏజెంట్ (ఉప్పు గడ్డకట్టకుండా కలిపేది) 551 అని ఉంది. అంటే సిలికాన్ డయాక్సైడ్. ఇసుకలోనూ, మన ఊక బూడిదలోనూ ఉండేది అదే. ఫ్యాక్టరీలో మెత్తటి పొడిగా తయారుచేసి కలుపుతారు. ఉప్పు పలుకుల చుట్టూ అంటుకుని తడిని తను పీల్చుకుంటుంది, నీళ్ళలో మాత్రం కరగదు. తిన్నా చాలావరకు అలాగే బయటికి పోతుంది. సూప్ పొడుల్లో, మందుబిళ్ళల్లో కూడా వాడతారు.

కొన్ని ఉప్పుల్లో దీని బదులు 536 ఉంటుంది, పొటాషియం ఫెర్రోసయనైడ్. అది కరిగిపోతుంది కాబట్టి నీళ్ళు తేటగానే ఉంటాయి. పేరులో సయనైడ్ చూసి వాట్సాప్‌లో గగ్గోలు పెడుతుంటారు గానీ, అది ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది, వేసేది కూడా కిలోకి మిల్లీగ్రాముల్లోనే.

నాలుగు స్టార్లు. ఆ నంబర్ అతుకు కింద దాచినందుకు ఒకటి కోశాను. టేబుల్ మీదకి ఇదే కొంటాను, ఊరగాయలకి మాత్రం రాళ్ళుప్పే. ఆ ఉసిరికాయలు నేనూ మావారూ తినేస్తున్నాం. అత్తయ్య ఇంకా ముట్టుకోలేదు.