పాత అంబాసిడర్ మీటర్లకు ఎల్‌ఈడీ బల్బులు: ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

మీటరు బోర్డులోని 2.2 వాట్ల స్క్రూ బల్బులకు బదులుగా ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ సెట్టును, ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జి చేసే పరికరం) ఉన్న మా అంబాసిడర్‌కు అమర్చి చూశాను. స్పీడోమీటరు వెలుగు విషయంలో ఇది పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది. బ్యాటరీ చార్జి కాకపోతే హెచ్చరించే చార్జింగ్ లైటుకు మాత్రం దీన్ని వాడవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఫిలమెంటు బల్బు వెలుగు చుట్టూరా చిమ్మి, మీటరు గోడలకు తగిలి అంచుల సందుల్లోంచి అంకెల మీద పడుతుంది. అందువల్ల కొసన మాత్రమే వెలుగునిచ్చే చిప్పు ఉన్న ఎల్‌ఈడీ వేస్తే ఒకచోట మెరిసి, మిగతా అంకెలు చీకట్లో ఉండిపోతాయి. ఈ బల్బులకు పక్కల కూడా చిప్పులు ఉండటంతో సున్నా నుంచి చివరి అంకె దాకా వెలుగు సమంగా పరుచుకుంది. వేడి తగ్గడం అదనపు లాభం.

ఇంజను ఆయిల్ ప్రెషర్ తగ్గితే హెచ్చరించే ఆయిల్ లైటు దగ్గర ఎర్ర అద్దం వెనుక తెల్ల ఎల్‌ఈడీ కాస్త గులాబీ రంగులోకి తిరిగింది. హెచ్చరిక దీపం ఎర్రగానే ఉండాలి కనుక అక్కడ ఎర్ర ఎల్‌ఈడీయే మేలు. ఎల్‌ఈడీకి ప్లస్సు, మైనస్సు తేడా ఉంటుంది. స్క్రూ బల్బును తిప్పి పెట్టే వీలు లేదు కాబట్టి, వెలగకపోతే హోల్డరుకు వచ్చే రెండు వైర్లను అటూఇటూ మార్చాలి.

చార్జింగ్ లైటు సంగతి వేరు. ఇటువంటి కార్లలో ఆల్టర్నేటర్ ఫీల్డు కాయిలుకు (లోపల అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టకు) కరెంటు పుట్టించడం మొదలుపెట్టడానికి కావలసిన తొలి కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళుతుంది. 2.2 వాట్ల బల్బు సుమారు 180 మిల్లీ ఆంపియర్లు పోనిస్తే, ఎల్‌ఈడీ సాధారణంగా అందులో చిన్న భాగమే పోనిస్తుంది. అప్పుడు ఇంజను ఐడ్లింగులో ఉండగా ఆల్టర్నేటర్ మేలుకోక, బ్యాటరీ చార్జి కాకుండా ఉండిపోవచ్చు. ఇంత ముఖ్యమైన హెచ్చరిక డబ్బా మీద ఎక్కడా లేకపోవడం ఈ సెట్టులో నాకు కనిపించిన పెద్ద లోపం.

రెండు వైపులకూ కలిపి ఒకే ఇండికేటర్ దీపం ఉన్న పాత కార్ల యజమానులు ఇంకో విషయం గమనించాలి. ఆ దీపాన్ని చాలా కార్లలో ఎడమ, కుడి వైర్ల మధ్య కలుపుతారు. అంటే కరెంటు ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి వస్తుంది. ఒకే దిశలో పనిచేసే ఎల్‌ఈడీ అక్కడ ఒక మలుపుకు వెలిగి, రెండోదానికి వెలగదు. రెండు దిశల్లోనూ వెలిగే రకం అడిగి తీసుకోవాలి.

బ్యాటరీ టెర్మినల్ విప్పిన తర్వాతే హోల్డర్లను తాకాలి. తుప్పు ఉంటే సన్నని ఎమరీ కాగితంతో రుద్దాలి. బిగించాక, ఇంజను స్టార్టు చేయకుండా తాళం తిప్పి, ఆయిల్ లైటు, చార్జింగ్ లైటు రెండూ వెలుగుతున్నాయో లేదో చూడాలి. స్టార్టు చేశాక రెండూ ఆరిపోవాలి. ఆ తర్వాత బ్యాటరీ దగ్గర వోల్టు మీటరు పెట్టి కొలిస్తే సుమారు 14 వోల్టులు చూపించాలి.