లెఫ్ట్ హ్యాండ్ పాత్: సామిల్లు వెనక పెరిగినవాడి సమీక్ష

తాడేపల్లిగూడెంలో మా ఇంటికీ ఒక సామిల్లుకీ మధ్య ఒక్కటే గోడ. స్వీడన్ డెత్ మెటల్ బ్యాండ్ ఎన్‌టూమ్డ్ మొదటి ఆల్బం లెఫ్ట్ హ్యాండ్ పాత్ గురించి నేను చెప్పబోయేదంతా ఆ గోడని మనసులో పెట్టుకుని చదవండి.

పొద్దున ఎనిమిదికి మోటారు వేసేవాళ్లు. ఖాళీగా తిరుగుతున్నంతసేపూ రంపం సన్నగా కూస్తుంది. దుంగ ఆనగానే ఆ కూత లావెక్కి బొంగురుపోతుంది. మధ్యలో బొడిపె తగిలిందంటే గింజుకుంటుంది. చెక్క విడిపోయాక మళ్లీ సన్నగా. పదిన్నరకి టీ కోసం మోటారు ఆపితే మా ఇంట్లో అందరికీ చెవులు దిబ్బళ్లు పడినట్టుండేది.

2004లో ఇంజినీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ ఈ పాటలు పెట్టాడు. గదిలో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. నాకు ఇంటి మీద బెంగ పుట్టింది.

డెత్ మెటల్ అంటే బరువైన గిటార్లు, బొంగురు అరుపులు, చావు మాటలు నిండిన రాక్ సంగీతం. నేను చెప్పేది ఆ గిటార్ మోత గురించే. బాస్ అనే కంపెనీది హెచ్‌ఎమ్-2 అని ఒక పెడల్ ఉంది, గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చేది, నల్ల డబ్బా, నారింజరంగు అక్షరాలు, నాలుగు నాబ్‌లు. బుద్ధున్నవాడెవడైనా వాటిని కొంచెం కొంచెం తిప్పి, చెవికి ఇంపుగా ఉన్న చోట ఆపుతాడు. స్టాక్‌హోమ్ కుర్రాళ్లు నాలుగింటినీ చివరంటా తిప్పేశారు. ఈ బ్యాండ్ నిహిలిస్ట్ అనే పేరుతో ఉన్న రోజుల్లోనే, అందులో గిటార్ వాయించిన లైఫ్ కుజ్నర్ ఈ పని మొదలుపెట్టాడంటారు. 1989 డిసెంబర్లో సన్‌లైట్ స్టూడియోలో తోమస్ స్కోగ్స్‌బెర్గ్ దాన్ని మెరుగులు దిద్దకుండా టేపుకెక్కించాడు. మరుసటేడు 1990లో ఇంగ్లండ్‌లోని ఇయరేక్ సంస్థ విడుదల చేసింది. డ్రమ్స్ వాయిస్తూ పాటల్లో చాలావాటికి బాణీ కట్టిన నికె ఆండర్సన్‌కి, గొంతిచ్చిన ఎల్.జి. పెట్రోవ్‌కి రికార్డింగ్ నాటికి పదిహేడేళ్లు. ఆ వయసులో నేను ఎంసెట్ ర్యాంకు గురించి అబద్ధాలు ఆడుతున్నాను.

ఆ పెడల్‌ని కంపెనీ 1991లో ఆపేసింది. ఆ తర్వాత ఈ మోత కావాలని జనం పాత సరుకు కోసం ఎగబడుతుంటే, 2020లో మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. ఆపేసిన వస్తువుకి ప్రాణం పోసింది ఎక్కువగా ఆ స్టాక్‌హోమ్ కుర్రాళ్లే.

పేరు గురించి ఒక్కమాట. లెఫ్ట్ హ్యాండ్ పాత్ అంటే మన వామాచారమే, నిషిద్ధమైనవాటితోనే పూజ చేసే తాంత్రిక మార్గం. ఆ మాట మన తంత్రశాస్త్రాల నుంచే అటు వెళ్లింది, అటునుంచి స్వీడన్ కుర్రాళ్ల చేతిలో పడింది. వాళ్లు చేసిన వామాచారమల్లా ఆ నాబ్‌లు తిప్పడమేనని నా అనుమానం.

ఇక అసలు సంగతి. హాస్టల్లో విన్నాక నాకంటూ ఒక కాపీ కావాలని నెట్ సెంటర్లో రాత్రంతా కూర్చుని పాటలు దించుకుని సీడీ రాయించుకున్నాను. ఆల్బం పేరే పెట్టుకున్న మొదటి పాట ఫైలు పూర్తిగా దిగలేదు. అది నాకు తెలియదు. సగం దాటాక, గిటార్లు రంకెలు వేస్తుండగానే పుటుక్కున తెగిపోయి రెండో పాట డ్రౌన్డ్ మొదలయ్యేది. కావాలనే అలా నరికారనుకున్నాను. ఎంత తెగువ అనుకున్నాను. జూనియర్లని కూర్చోబెట్టి దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను, చావు చెప్పి రాదు కదా, అందుకే పాట కూడా చెప్పకుండా ఆగిపోతుందని. వాళ్లు తలలూపారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. వాడికి అసలు విషయం ఇంకా చెప్పలేదు.

ఏడేళ్లు అలాగే విన్నాను. 2011లో బెంగళూరులో మిత్రుడి గదికి వెళితే వాడి దగ్గర అసలు సీడీ ఉంది. వాడు పెట్టాడు, నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఏడేళ్ల అలవాటు కదా, తెగే చోటు దగ్గరపడుతోందని ఒంటికే తెలుస్తోంది. వచ్చింది. తెగలేదు. వేగం దానంతటదే పడిపోయింది. అదే రంపం, అదే మోత, కానీ ఇప్పుడు పరుగు మానేసి ఊరేగింపులా అడుగులో అడుగేస్తూ ఒక రాగం పట్టుకుంది. దాని మీద ఒక సోలో, తొందర లేకుండా, ఒక్కో స్వరం దగ్గర ఆగి ఆగి. దుంగలు కోసే యంత్రం ఉన్నట్టుండి పాడటం మొదలుపెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. కత్తి చేతిలో పట్టుకుని నిలబడిపోయాను.

వాడు తొంగిచూసి, "ఏరా, వేలు తెగిందా?" అన్నాడు.

"తెగలేదురా," అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఉప్మా మాడింది.

ఆ రాగం వాళ్ల సొంతం కాదని తర్వాత తెలిసింది. 1979లో వచ్చిన ఫాంటాజమ్ అనే హారర్ సినిమా సంగీతం అది. పదిహేడేళ్ల కుర్రాళ్లు వీడియో క్యాసెట్లో చూసి మనసు పారేసుకున్న ముక్కని ఎత్తుకొచ్చి, తమ మొదటి ఆల్బం మొదటి పాటకి తోకగా కట్టారు. దొంగతనమంటే అనండి. నాకైతే ఆల్బం మొత్తంలో అదే గుండెకాయ. ఇప్పటికీ ఆ తెగే చోటు రాగానే ఒక మెట్టు తప్పినట్టవుతుంది, తర్వాత కాలికి నేల తగులుతుంది.

ఇంత మెచ్చుకున్నాక కొంత వెనక్కి తీసుకోవాలి. మోత అద్భుతమే, కానీ అదే మోత పది పాటలూ ఉంటుంది. మార్బిడ్ డివౌర్‌మెంట్ ఎక్కడ ముగిసి అబ్నార్మల్లీ డిసీస్డ్ ఎక్కడ మొదలైందో ఇరవయ్యేళ్ల తర్వాత కూడా తడబడతాను. బేస్ గిటార్‌ని వెతుక్కోవాలి. సీడీలో చివర తగిలించిన రెండు పాటలు నేను వినను, పదో పాటతో ఆపేస్తాను. నలభై దాటాక రాత్రి తొమ్మిది తర్వాత ఇది నాకు పడటం లేదు కూడా, తల దిమ్మెక్కుతోంది. ఇరవైలో అలా లేదు. మారింది ఆల్బం కాదనుకుంటా.

పెట్రోవ్ గొంతు మీద మాత్రం ఇప్పటికీ ఫిర్యాదు లేదు. అరుపే, కానీ మాట తెలుస్తుంది. మరుసటేడు వచ్చిన రెండో ఆల్బంలో అతను లేడు, నికె తనే పాడాడు. ఆ లోటు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. 2021 మార్చిలో క్యాన్సర్‌తో పెట్రోవ్ పోయాడు, నలభై తొమ్మిదేళ్లకే. ఆ రోజు ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి మొదటి పాట ఒక్కటే విన్నాను.

కొనమంటారా అంటే, మీ ఇంటి వెనక ఏముండేదో నాకు తెలియదు. కారులో వద్దు, టైరు పంక్చరైందని రెండుసార్లు దిగి చూసుకున్నాను. చవక ఇయర్‌ఫోన్లలోనూ వద్దు, అంతా ఒకే ముద్దయిపోతుంది. ఒక మాదిరి స్పీకర్లు, పక్కింటివాళ్లు ఊరెళ్లిన ఆదివారం పొద్దున, కనీసం మొదటి పాట చివరిదాకా. ఫైలు నిడివి ఆరున్నర నిమిషాలు దాటిందో లేదో ముందే చూసుకోండి.

ఆ సామిల్లు ఇప్పుడు లేదు, ఫంక్షన్ హాలు కట్టారు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ముందుగదిలో ఇది పెట్టాను. మొదటి నాలుగు నిమిషాలూ అమ్మ వంటింట్లోంచి ఏమీ అనలేదు, మోటారు వేసినప్పుడు ఎప్పుడూ ఏమీ అనేది కాదు. నెమ్మది భాగం మొదలయ్యాక చేతిలో గరిటెతోనే గుమ్మం దాకా వచ్చింది.

"ఇది ఏ సినిమాలోదిరా?" అంది.