ఆసుపత్రి ఐటీ అధికారుల సంఘంలో ఏడేళ్లు: ఒక సభ్యురాలి అనుభవం

ఆసుపత్రిలో డాక్టరుకు సందేహం వస్తే పక్క గదిలో ఇంకో డాక్టరు ఉంటారు. నర్సుకు నర్సు తోడు. ఐటీ మొత్తానికి బాధ్యత వహించే సీఐఓ కుర్చీ మాత్రం ఒక్కటే ఉంటుంది. "ఇది నాకు అంతుపట్టడం లేదు" అని టీమ్ ముందు అంటే వాళ్లకు టెన్షన్. మేనేజ్‌మెంట్ ముందు అంటే నమ్మకం సడలుతుంది. వెండర్‌ను అడిగితే తన సరుకే సమాధానం అంటాడు. ఆ మాట చెప్పుకోవడానికి ఒక చోటు కావాలనిపించి 2018లో ఈ సంఘంలో చేరాను. ఏడేళ్లు నిండాయి.

సంఘం పేరు రాయడం లేదు. నచ్చిన వాటితో పాటు నచ్చనివి కూడా చెబుతున్నాను, పైగా లోపల విన్నది బయట చెప్పకూడదన్న నియమం మీదే అది నడుస్తోంది. ఇక్కడ రాసినవన్నీ నాకు జరిగినవే. ఇతరుల మాటలు వాళ్ల అనుమతితోనే రాశాను.

ఈ రంగంలో సంఘాలు ప్రధానంగా రెండు రకాలు. 1961లో అమెరికాలో మొదలైన హిమ్స్ లాంటివి అందరికీ తెరిచి ఉంటాయి. డాక్టర్లు, ఇంజనీర్లు, విద్యార్థులు, కంపెనీలు ఎవరైనా చేరొచ్చు. 1992లో ఏర్పడిన చైమ్ లాంటివి సీఐఓలు, ఆ స్థాయి అధికారుల కోసం పెట్టినవి, అక్కడ కంపెనీలకు వేరే సభ్యత్వం ఉంటుంది. నేను చేరింది రెండో రకంలో ఒక చిన్న సంఘం. కొత్త సాంకేతికత నేర్చుకోవాలంటే మొదటి రకమే మేలు, అందులో అనుమానం లేదు. తోటివాళ్ల దగ్గర మనసు విప్పి మాట్లాడాలంటే రెండోది కావాలి.

మొదటి ఏడాది నాకు దక్కింది దాదాపు ఏమీ లేదు. తప్పు సంఘానిది కాదు. సమావేశానికి వెళ్లాను, ప్రసంగాలు విన్నాను, సంచీ నిండా బ్రోచర్లు తెచ్చుకున్నాను, ఎవరితోనూ నోరు విప్పలేదు. రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు కట్టాలా వద్దా అని నెల రోజులు ఊగిసలాడాను. కొత్తగా చేరినవారికి ఒక పాత సభ్యుణ్ణి మెంటర్‌గా జత చేసే పద్ధతి ఆ ఏడాదే మొదలైంది. అదొక్కటి చూసి కట్టాను.

ఆ మెంటర్‌తో నా మొదటి ఫోన్ కాల్ ఇప్పటికీ గుర్తుంది. మేం అప్పుడు పాత ఈహెచ్‌ఆర్, అంటే రోగుల రికార్డులు దాచే సాఫ్ట్‌వేర్, వదిలి కొత్తదానికి మారబోతున్నాం. కాంట్రాక్టు నూట నలభై పేజీలు. ధర ఎంత తగ్గించగలిగానో గర్వంగా చెప్పబోయాను. ఆయన ఆపి, "ధర సంగతి తర్వాత చూద్దాం. మీరు ఈ వెండర్‌ను వదిలేసే రోజు గురించి ఏ పేజీలో ఉంది?" అని అడిగారు. వెతికితే ఒకే ఒక్క వాక్యం దొరికింది: ఒప్పందం ముగిసినప్పుడు డేటా తిరిగి ఇవ్వబడును. ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో అన్నది లేదు.

ఆయనకు అలాగే జరిగిందట. పాత వెండర్ డేటా మొత్తం తిరిగిచ్చాడు, లక్షల పీడీఎఫ్‌ల రూపంలో. చదవడానికి పనికొస్తాయి కానీ అందులోని ల్యాబ్ విలువలు కొత్త సిస్టమ్‌లోకి ఎక్కవు. దీర్ఘకాలంగా షుగర్ ఉన్న రోగికి పదేళ్ల గ్రాఫ్ ఒక్క రోజులో మాయమైంది. ఆ మాట విన్నాక మా కాంట్రాక్టులో నాలుగు కొత్త షరతులు చేరాయి. డేటాను వేరే సిస్టమ్‌లు కూడా చదవగలిగే ఎఫ్‌హెచ్‌ఐఆర్ లాంటి ప్రమాణ రూపంలో ఇవ్వాలి. స్కాన్ చేసిన కాగితాలు, ఎవరు ఏ రికార్డు తెరిచారో చెప్పే లాగ్‌లు కూడా ఇవ్వాలి. ఏడాదికోసారి నమూనాగా కొంత డేటా బయటకు తీసి చూపించాలి. మూడు నెలల గడువు, ఖర్చు వెండర్‌దే. ఏడాదికోసారి తీసి చూపించాలన్న షరతు దగ్గర వెండర్ బాగా గింజుకున్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఆ షరతు నాకై నాకు ఎప్పటికీ తట్టేది కాదు.

నాకు బాగా నచ్చిన ఇంకో విషయం చదువుకునే బృందాలు. ఎనిమిది మందిమి నెలకోసారి కూర్చుంటాం. 2021లో ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ హెచ్‌ఎస్‌ఈ మీద జరిగిన రాన్సమ్‌వేర్ దాడిపై (కంప్యూటర్లలోని డేటాకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) స్వతంత్ర విచారణ చేయించి, నివేదికను ఆ డిసెంబరులో అందరికీ విడుదల చేశారు. దాన్ని మేం మూడు నెలలు చదివాం. మార్చి 18న ఒక కంప్యూటర్‌లో ఎవరో ఈమెయిల్‌తో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. మే 14 తెల్లవారుజామున దాడి పేలింది. మధ్యలో ఎనిమిది వారాలు. మార్చి 31నే ఆ కంప్యూటర్‌లోని యాంటీవైరస్ అనుమానాస్పద పనిముట్లను పసిగట్టింది. కానీ అది చూసి చెప్పేలా మాత్రమే పెట్టి ఉంది, అడ్డుకునేలా పెట్టలేదు.

ఆ పేజీ దగ్గర మా బృందంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ, "మా దగ్గర కూడా పాత కంప్యూటర్లలో అలాగే పెట్టి ఉంది. ఇప్పుడే చూశాను" అన్నారు. ఇంత నిజాయితీ పెద్ద సమావేశపు వేదిక మీద దొరకదు. ఆ రాత్రే నేనూ మావి చూశాను. పదకొండు యంత్రాలు దొరికాయి. ఇంకో లోపం కూడా బయటపడింది. సిస్టమ్స్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో రాసిపెట్టిన జాబితా, డౌన్‌టైమ్‌లో వాడాల్సిన కాగితపు ఫారాలు, రెండూ మా ఫైల్ సర్వర్‌లోనే ఉన్నాయి. ప్రింట్ తీయించి ప్రతి వార్డులో ఎర్ర ఫైలులో పెట్టించాం.

ఆ ఎర్ర ఫైళ్లు 2024 జులై 19న తెరిచాం.

ఓపీ మొదలయ్యే వేళ. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఒక స్క్రీన్ నీలంగా మారింది, తర్వాత పక్కది, ఆ తర్వాత ఫార్మసీ, ఎమర్జెన్సీ. నా చేతులు చల్లబడ్డాయి. రాన్సమ్‌వేర్ అనుకున్నాను. నెట్‌వర్క్ మొత్తం తీసేయమని చెప్పడానికి ఫోన్ పట్టుకున్నాను. తీసేస్తే ఇంకా పనిచేస్తున్న ఐసీయూ మానిటరింగ్, ల్యాబ్ కూడా తెగిపోతాయి. అప్పుడు సంఘం గ్రూపు తెరిచాను. పొద్దు మాకంటే ముందు పొడిచే దేశాల్లో అప్పటికే మధ్యాహ్నం. అక్కడి సభ్యుల మెసేజ్‌లు వరసగా ఉన్నాయి. "దాడి కాదు. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పు అప్‌డేట్. నెట్‌వర్క్ తీయకండి." దాని కింద, సేఫ్ మోడ్‌లో తెరిచి 'సి-00000291' అని మొదలయ్యే ఫైలు తీసేయమని. దాని కింద, "ముందు బిట్‌లాకర్ కీలు ఎక్కడున్నాయో చూసుకోండి. అవి ఉన్న సర్వర్ కూడా పడి ఉంటే దాన్నే మొదట లేపండి."

బిట్‌లాకర్ అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం, దాని కీ లేకపోతే ఆ ఫైలు దాకా వెళ్లలేం. మా కీలు సరిగ్గా పడిపోయిన సర్వర్‌లోనే ఉన్నాయి. ఆ మూడో మెసేజ్ లేకపోతే మా వాళ్లు కంప్యూటర్ల ముందు కీ లేకుండా నిలబడేవారు. కీలున్న సర్వర్ మొదట, తర్వాత ఎమర్జెన్సీ, ఐసీయూ, ల్యాబ్, ఫార్మసీ, చివర బిల్లింగ్. ఆ వరస కూడా గ్రూపులో వచ్చిందే. ఆ అప్‌డేట్‌ను పంపిన క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ 78 నిమిషాల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే దాన్ని అందుకుని పడిపోయిన యంత్రాల్లో చాలావాటి దగ్గరికి మనిషే వెళ్లాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు. మాకు మూడు వందలకు పైగా. రాత్రి పదకొండుకు చివరి వార్డు లేచింది. ఆ రోజంతా మందుల చీటీలు కాగితం మీదే నడిచాయి, ఒక్క డోసు కూడా తప్పలేదు. నర్సులకు ఎంత చెప్పినా తక్కువే.

ఇక నచ్చనివి. స్పాన్సర్ల జోరు ఏటేటా పెరుగుతోంది. గత సమావేశంలో 22 సెషన్లు ఉంటే తొమ్మిది ఏదో ఒక కంపెనీ ఖర్చుతో నడిచినవే, ఆ సంగతి అజెండాలో చిన్న అక్షరాల్లో ఉంది. ఇంకా ఇబ్బంది పెట్టేవి ఫోకస్ గ్రూపులు. కంపెనీ సంఘానికి డబ్బు కడుతుంది, పది మంది సీఐఓలను గదిలో కూర్చోబెట్టి తన ఉత్పత్తి గురించి అభిప్రాయాలు అడుగుతుంది. అవి ఉపయోగపడవని అనను. కానీ ఒకసారి వెళ్లి కూర్చుంటే, ఆ కంపెనీ టెండరు అదే వారం నా బల్ల మీద ఉంది. లేచి బయటికొచ్చి, మా మేనేజ్‌మెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేశాను. ఇలాంటివి ముందే అడిగి తెలుసుకోవాల్సింది సంఘం. ముగ్గురం కలిసి లేఖ రాశాం. రెండేళ్లు పట్టింది గానీ, ఇప్పుడు గదిలోకి వెళ్లే ముందు ఒక ప్రకటన మీద సంతకం పెట్టించుకుంటున్నారు.

సర్టిఫికెట్ పరీక్ష నేనూ రాశాను. చైమ్ 2009 నుంచి సీఐఓలకు ఇలాంటి పరీక్ష పెడుతోంది, తర్వాత మిగతావాళ్లూ పెట్టారు. చదివేటప్పుడు బడ్జెట్, మార్పు నిర్వహణ లాంటివి ఒక వరసలోకి వచ్చాయి, అంతవరకు మంచిదే. పేరు పక్కన అక్షరాల వల్ల నాకు ఏ ద్వారమూ తెరుచుకోలేదు. ఉద్యోగం మారాలనుకునేవారికి పనికి రావచ్చు.

సంఘం నుంచి ఎంత ఆశించాలో కూడా తెలియాలి. ఒక రోగి రికార్డును ఇంకో రోగిదిగా పొరబడకుండా గుర్తించే మార్గం కోసం చైమ్ 2016లో పది లక్షల డాలర్ల బహుమతితో పోటీ పెట్టింది. 2017 నవంబరులో విజేత లేకుండానే నిలిపేసింది. అంత పెద్ద సంఘానికే ఆ ముడి వీడలేదు. చట్టాలు మార్చడం, ప్రమాణాలు తేవడం నెమ్మదిగా సాగే పని. అందుకోసమే చేరేవారు ఓపిక పట్టాలి.

చేరేముందు ఒకటి అడగండి: సభ్యత్వం మీ పేరు మీదా, సంస్థ పేరు మీదా? చందా సంస్థే కడుతుంది కదా అని నేను పట్టించుకోలేదు. నాలుగో ఏట ఉద్యోగం మారితే, నా సభ్యత్వం పాత సంస్థ దగ్గరే ఉండిపోయింది. మెంటర్, చదువు బృందం, గ్రూపు అన్నీ ఐదు నెలలు చేతికి దూరమయ్యాయి. ఇప్పుడు నా పేరు మీదే ఉంది, సంస్థ తర్వాత తిరిగిస్తుంది. సమయం కూడా లెక్కేసుకోండి. నాకు నెలకు ఆరేడు గంటలు పడుతోంది, అందులో సగం ఇతరుల ఫోన్లు ఎత్తడానికే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది చేరడానికి ఉన్న అర్హత. పదవి పేరులో సీఐఓ అనో, డైరెక్టర్ అనో ఉండాలి. ఆ జులై రోజున మధ్యాహ్నం నాకొక ఫోన్ వచ్చింది. వంద పడకల ఆసుపత్రి నుంచి ఒకబ్బాయి. ఎప్పుడో ఒక శిక్షణలో నా నంబరు తీసుకున్నాడట. "మేడమ్, మేం ఇద్దరమే ఉన్నాం. డయాలసిస్ యూనిట్‌లో పేషెంట్లు వెయిట్ చేస్తున్నారు. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పడం లేదు" అన్నాడు. గ్రూపులో ఉన్నవి ఒక్కొక్కటే చదివి వినిపించాను, అతను రాసుకున్నాడు. 'సి' తర్వాత ఎన్ని సున్నాలో రెండుసార్లు అడిగాడు. నేను చేసే పనంతా అతను అక్కడ ఒంటి చేత్తో చేస్తున్నాడు. కానీ పదవి పేరు 'సిస్టమ్స్ ఇన్‌చార్జి' కాబట్టి సభ్యత్వం ఇవ్వరు. అప్పటికే ఒకసారి దరఖాస్తు పెట్టి వెనక్కి తిప్పించుకున్నాడని ఆ తర్వాత తెలిసింది.

పదవి పేరు కాదు, చేసే పని చూసి సభ్యత్వం ఇవ్వాలని, చిన్న ఆసుపత్రులకు చందా తగ్గించాలని తీర్మానం రాసి ఇచ్చాను. పద్నాలుగు మంది సంతకం చేశారు, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటింగ్‌కు వస్తుంది. ఓటు వేయాలంటే సభ్యత్వం ఉండాలి కాబట్టి, ఈసారి రెన్యువల్ కాగితం వచ్చిన రోజే కట్టేశాను.